బొబ్బిలిలో గెలిచిందెవరు? సేనాపతికి గుండెధైర్యమా, బియ్యం బస్తాలా?

కోటవీధి కుర్రోడు (విజయనగరం):
మొన్న పెళ్ళి భోజనాల దగ్గర మా బావతో పెద్ద గొడవయిపోయింది, ఆయన బొబ్బిలోడు. సేనాపతంటే గుండెధైర్యం ఉండాలి, తాండ్ర పాపారాయుడే సాక్షి అంటాడు. 1757 జనవరి 24న మా విజయనగరం రాజు విజయరామరాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు పెట్టి కోట పడగొట్టేసేడు కదా, మరి గెలిచినోడు గొప్పోడు కాదా అని నేను. మీరేటంటారు?

రాజాం గళ్ళచొక్కా:
ఫిరంగులుంటే ఎవడైనా గెలుస్తాడు గురూ, అందులో గొప్పేటి. కోట పోయిన కొద్ది రోజులకే పాపారాయుడు విజయరామరాజు గుడారంలోకి దూరి పొడిచేసేడు, అంత సైన్యం మధ్యలో పడుకున్న మనిషిని! (పాపారాయుడు ఉండింది మా రాజాంలోనే, రాజాం 2022 నుంచి మీ విజయనగరం జిల్లాలోదే, కాబట్టి ఆయన కూడా మీవోడే, పోట్లాడకండి.)

మాజీ హవల్దార్ (పలాస):
బాబూ, నాను 17 ఏళ్ళు సర్వీస్ చేసేను. పాపారాయుడిది వీరత్వమే, కాదన్ను, కానీ దానివల్ల కోట తిరిగొచ్చిందా? పగ తీరింది అంతే. మా కంపెనీ కమాండరొకాయన ఉండేవోడు, రాత్రి పోస్ట్‌కి రాగానే ముందు మా బూట్లు విప్పించి టార్చి వేసి కాళ్ళు చూసేవోడు, వేళ్ళ మధ్యన పుండ్లున్నాయేమోనని, ఆ తర్వాతే మ్యాప్ తెరిచేవోడు. అలాటోడు పదమంటే పోతాం మరి. 1971లో మన ఆర్మీ చీఫ్ మానెక్‌షా చూడు, పాకిస్తాన్ మీదకి ఏప్రిల్‌లోనే వెళ్ళమంటే వర్షాలకి బెంగాల్ నదులు పొంగుతాయి, బళ్ళు దిగబడతాయి, ఆగండని చెప్పేసేడు. డిసెంబర్లో దిగితే 13 రోజుల్లో అయిపోయింది.

రాజాం గళ్ళచొక్కా:
మానెక్‌షాకి టైమిచ్చేరు కాబట్టి సరిపోయింది. అదృష్టం మాటేటి? 1758 డిసెంబర్లో చందుర్తి దగ్గర ఇంగ్లీషోళ్ళకీ ఫ్రెంచోళ్ళకీ యుద్ధంలో, ఎర్రకోట్లు తొడుక్కున్న ఇంగ్లీషోళ్ళ పక్షం మన సిపాయిల్ని చూసి తెల్లోళ్ళే అనుకుని ఫ్రెంచోళ్ళు వాళ్ళమీద పడిపోయేరు, ఇంగ్లీషు సేనాని ఫోర్డు తెల్ల పటాలమేమో ఎత్తుగా పెరిగిన చేను చాటున ఉండిపోయింది, పక్కనుంచి కొట్టేసేరు. అది ఫోర్డు తెలివా చేను తెలివా?

మాజీ హవల్దార్ (పలాస):
చేను చాటున ఆ పటాలం చెదరకుండా నిలబడి ఉందా లేదా, అది ఫోర్డుదే కదా.

కోటవీధి కుర్రోడు:
ఇంకోటి చెప్తాను. ఆ యుద్ధంలో ఫోర్డు పక్కనున్నది మా విజయనగరం రాజు ఆనందగజపతిరాజు. గెలిచేక కూడా ఖర్చుల డబ్బు దగ్గర పేచీ వచ్చి ఫోర్డు చాన్నాళ్ళు ముందుకి కదల్లేకపోయేడు, మచిలీపట్నం చేతికొచ్చేసరికి 1759 ఏప్రిల్ అయిపోయింది. అంటే జీతం బియ్యం లేకపోతే గెలిచినోడు కూడా చెట్టుకింద కూర్చోవాల్సిందే, బావా చదువుతున్నావా?

బొబ్బిలి బావ:
చదువుతున్నాను. డబ్బులివ్వకుండా ఆపింది మీ రాజుగారే అన్నమాట, థాంక్స్. పోనీ 1794లో పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ వాళ్ళతో పోరాడి మీ చిన విజయరామరాజు చనిపోయేరు కదా, ఆయనకి ధైర్యం తక్కువైందా బియ్యం తక్కువైందా, అది తేల్చి చెప్పండి, అప్పుడు నేను ఒప్పుకుంటాను.