ట్రైగాన్ నిజంగా బలమైన విలనేనా? ‘టీన్ టైటన్స్’ రేవెన్ తండ్రి మీద చర్చ

నీలికాకి

ఈ శని, ఆదివారాల్లో ‘టీన్ టైటన్స్’ నాలుగో సీజన్ పదమూడు ఎపిసోడ్లూ వరసబెట్టి చూశాను. 2003లో కార్టూన్ నెట్‌వర్క్‌లో మొదలై 2006లో ఆగిపోయిన పాత సిరీస్ సంగతి చెబుతున్నాను. ఈ సిరీస్‌లో గొప్ప విలన్ ఎవరని అడిగితే అందరూ ముసుగు నేరగాడు స్లేడ్ పేరే చెబుతారు. ట్రైగాన్ మాటెత్తితే "పెద్ద ఆకారం, పెద్ద గొంతు, అంతకుమించి ఏం లేదు" అని కొట్టిపారేస్తారు. అది అన్యాయం అనిపించే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. ఐదుగురు కుర్రకారు సూపర్‌హీరోల జట్టులో రేవెన్ ఒకమ్మాయి. తల్లి అరెల్లా మామూలు మనిషి. తండ్రి ట్రైగాన్ రాక్షసుడు. ఎర్రటి ఒళ్ళు, నాలుగు కళ్ళు, నెత్తిన కొమ్ములు. కూతురే ద్వారమై తండ్రిని భూమ్మీదికి రప్పిస్తుందనీ, దాంతో లోకం అంతమవుతుందనీ ఒక జోస్యం. ఆ సంగతి రేవెన్‌కి చిన్నప్పటి నుంచీ తెలుసు.

ట్రైగాన్ భూమ్మీద కాలుపెట్టేది ఆఖరి మూడు భాగాల్లోనే. కానీ సీజన్ అంతా వాడి నీడ ఉంటుంది. ‘బర్త్‌మార్క్’ ఎపిసోడ్ చూడండి. స్నేహితులు కేక్ తెచ్చి, గది అలంకరించి రేవెన్‌ని సర్‌ప్రైజ్ చేస్తారు. ఆమె ఆనందపడకపోగా వాళ్ళ మీద విసుక్కుని వెళ్ళిపోతుంది. పాపం, వాళ్ళకి ఎందుకో అర్థం కాదు. తను పుట్టిన రోజే లోకానికి చావు ఖాయమైన రోజని నమ్మే పిల్ల కేక్ ఎలా కోస్తుంది? తర్వాత ట్రైగాన్ పంపిన స్లేడ్ తరుముకొస్తే భయంతో కాలాన్నే ఆపేస్తుంది. ఊరంతా ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది. వాడు మాత్రం నడుచుకుంటూ వచ్చి ఆమె చేతులు పట్టుకుంటాడు. ఒంటి మీద ఎర్రటి అక్షరాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. మనం నుదుటి రాత అంటాం కదా, ఈ పిల్లకి ఒళ్ళంతా రాతే. ఆ రాసినవాడు కన్నతండ్రి. ఆ ఎపిసోడ్‌లో అతను తన చేత్తో ఒక్క దెబ్బ కూడా కొట్టడు. ఇంతకంటే భయంకరమైన విలన్ ఆ సిరీస్‌లో నాకు కనిపించలేదు.

గోదారిగట్టు

నీలికాకి గారూ, సీజన్ గొప్పదంటే ఒప్పుకుంటాను. విలన్ గొప్పవాడంటే ఒప్పుకోను. మీరు చెప్పినవన్నీ రేవెన్ భయాలు. ట్రైగాన్ చేసిందేముంది?

రాక్షస తండ్రి అనగానే మనకి ముందు గుర్తొచ్చేది హిరణ్యకశిపుడు. అతనికి కారణం ఉంది, తమ్ముడు హిరణ్యాక్షుణ్ణి చంపిన విష్ణువు మీద పగ. కొడుకు మీద ప్రేమా ఉంది. ప్రహ్లాదుణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఏం చదువుకున్నావు నాయనా అని ముద్దుగా అడుగుతాడు. పిల్లవాడు హరి పేరెత్తగానే మొహం మారిపోతుంది. చండామార్కుల్ని పిలిచి మళ్ళీ నేర్పమంటాడు. అప్పటికీ మారకపోతేనే పాములూ, ఏనుగులూ, కొండ మీది నుంచి తోయించడాలూ. ఒక తండ్రి మెట్టు మెట్టుగా రాక్షసుడైపోవడం మన కళ్ళ ముందే జరుగుతుంది. మన ఊళ్ళలో నాటకం వేసినప్పుడు జనం ప్రహ్లాదుడి కోసం ఎంత ఏడుస్తారో హిరణ్యకశిపుడి కోసం అంత ఊపిరి బిగబట్టి చూస్తారు.

ట్రైగాన్ మొదటి నుంచీ రాక్షసుడే, చివరిదాకా రాక్షసుడే. కూతుర్ని వాడుకోవాలి, లోకాన్ని కాల్చాలి. ఎందుకు? సమాధానం లేదు. లోపల గొడవ లేని పాత్రని విలన్ అనకూడదు, విపత్తు అనాలి. తుపానుకి మనస్తత్వం వెతకం కదా.

పాతపుస్తకం

నేను ఈ సిరీస్‌కి మూలమైన కామిక్స్ వైపు నుంచి చెబుతాను. రేవెన్, ట్రైగాన్ ఇద్దరూ 1980లో పుట్టిన పాత్రలు. మార్వ్ వుల్ఫ్‌మన్ రాస్తే జార్జ్ పెరెజ్ గీశాడు. 1984లో ట్రైగాన్ మీద వాళ్ళిద్దరూ పెద్ద కథ చేశారు. అందులో తండ్రి రేవెన్‌ని పూర్తిగా లొంగదీసుకుంటాడు. ఆమె కూడా ఎర్రగా, నాలుగు కళ్ళతో అచ్చం తండ్రిలా మారిపోతుంది. చివరికి ఆ రేవెన్‌ని స్నేహితులే చంపాల్సి వస్తుంది. అప్పుడు ఆమె పెరిగిన అజరాత్ లోకపు ఆత్మలు ఆమె శరీరం గుండా వచ్చి ట్రైగాన్‌ని అంతం చేస్తాయి.

జాగ్రత్తగా చూస్తే అక్కడ రేవెన్ ఎవరికైనా ద్వారమే. తండ్రి ఆమె గుండా వచ్చాడు. మంచివాళ్ళూ ఆమె గుండానే వచ్చారు. తండ్రి మీద గెలిచింది ఆమె కాదు. సిరీస్ వాళ్ళు మార్చింది సరిగ్గా దీన్నే. ఇక్కడ ఎదురు నిలబడేదీ, గెలిచేదీ కూతురే. అందుకని సిరీస్‌లోని ట్రైగాన్‌ని తూచాలంటే అతని లోపల ఏముందని చూడటం కంటే ఆమె చేత ఏం చేయించాడో చూడటం న్యాయం అనుకుంటాను.

నీలికాకి

పాతపుస్తకం గారు నా పని తేలిక చేశారు.

గోదారిగట్టు గారూ, మీరు అడిగిన ఆ ప్రేమా, అహమూ కొట్టుకునే తండ్రి ఈ సిరీస్‌లో ఉన్నాడు. స్లేడే. మొదటి సీజన్‌లో స్నేహితుల ప్రాణాలు అడ్డం పెట్టి జట్టు నాయకుడు రాబిన్‌ని తన శిష్యుడిగా మార్చుకుంటాడు. ఏదో ఒకరోజు నన్ను తండ్రిలా చూస్తావేమో అంటాడు. తనకి ఇప్పటికే ఒక తండ్రి ఉన్నాడని రాబిన్ జవాబు. ఆ క్షణంలో వెనక గబ్బిలాలు ఎగురుతాయి, పేరు చెప్పకుండానే ఆ తండ్రి బ్యాట్‌మన్ అని మనకి తెలిసిపోతుంది. రెండో సీజన్‌లో జట్టులో చేరిన టెర్రా అనే అమ్మాయి విషయంలోనూ అంతే. ఆదరించినట్టే ఆదరించి, కట్టుబానిసని చేసుకుంటాడు.

అంటే స్లేడ్ బిడ్డ కోసం వెతుక్కునే విలన్. అలాంటివాడికి కాదని చెప్పొచ్చు, రాబిన్ చెప్పాడు కూడా. ట్రైగాన్ దగ్గర ఆ వెసులుబాటు లేదు. రేవెన్ శిష్యురాలు కాదు, రక్తం. నాలుగో సీజన్‌లో స్లేడ్‌ని ట్రైగాన్ కింద నౌకరుగా పెట్టడం నాకు అందుకే నచ్చింది. తండ్రి కావాలని ఆశపడ్డవాడు, తండ్రి అయ్యుండి కూడా కానివాడు ఒకే కథలో ఎదురుపడతారు. పైగా అంతకుముందే చచ్చిపోయిన స్లేడ్‌కి మళ్ళీ రక్తమాంసాలు ఇస్తానన్న మాట కూడా ట్రైగాన్ తప్పుతాడు. కూతురికే విలువ ఇవ్వనివాడు నౌకరుకి ఇచ్చిన మాట నిలబెట్టుకుంటాడా?

గోదారిగట్టు

స్లేడ్ గురించి ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు, బాగుంది. కానీ మీరు పొగిడిందంతా స్లేడ్‌నే కదా. ట్రైగాన్ అతని పక్కన నిలబడితే ఖాళీగా కనిపిస్తున్నాడన్న నా మాట ఇంకా బలపడింది.

ఇంకో సంగతి, ముగింపు. ‘ది ఎండ్’ మూడు భాగాలు. భూమంతా రాయైపోయింది, మనుషులు నిలబడ్డచోటే శిలలయ్యారు. ఇంత పెద్ద సర్వనాశనం చూపించి, చివరికి రేవెన్ తెల్లటి బట్టల్లో లేచి రెండు నిమిషాల్లో తండ్రిని మాయం చేసేస్తుంది. శిలలన్నీ మళ్ళీ మనుషులవుతాయి. పదమూడు ఎపిసోడ్ల టెన్షన్ అంతా ఒక్క తెల్లటి వెలుగుతో తీరిపోయింది. విలన్‌కి బరువు లేకపోవడం వల్లే అతని ఓటమికీ బరువు లేదు.

వేపచెట్టు

చాలా రోజులుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. ఈ విషయం మీద రాయకుండా ఉండలేకపోయాను.

ట్రైగాన్ ఏమీ చేయడు, కారణం లేదు, లోపల గొడవ లేదు అంటున్నారు. నా చిన్నప్పుడు సాయంత్రం గేటు దగ్గర నాన్న బండి ఆగిన చప్పుడు వినిపించగానే అమ్మ టీవీ సౌండ్ తగ్గించేది. తమ్ముడు పుస్తకం తెరిచేవాడు. నేను వంటింట్లోకి వెళ్ళి నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడేదాన్ని. ఆయన ఇంకా లోపలికే రాలేదు, ఒక్క మాటా అనలేదు. అప్పటికే ఇల్లంతా మారిపోయేది. ఆయనకి ఎందుకంత కోపమో నాకు ఈరోజుకీ తెలియదు. తెలిస్తే ఆయన పాత్రకి లోతు వచ్చేదేమో, నా చిన్నతనానికి మాత్రం తేడా ఏమీ ఉండేది కాదు. కారణం చెప్పని తండ్రిని చూసి ఇది అసలు విలనే కాదని మీరు అనగలుగుతున్నారు. నేను అనలేను.

ఇంకోటి. మొదటి సీజన్‌లో ‘నెవర్‌మోర్’ అనే ఎపిసోడ్ ఉంది. జట్టులోని బీస్ట్ బాయ్, సైబోర్గ్ ఒక అద్దం గుండా రేవెన్ మనసులోకి జారిపడతారు. అక్కడ ఆమె ఒక్కతే కాదు, ఒక్కో రంగు ముసుగులో ఒక్కో రేవెన్. గులాబీ రంగులో నవ్వేది, బూడిద రంగులో బెదిరేది, ఆకుపచ్చలో ధైర్యం. ఎర్ర ముసుగులో ఉన్నది కోపం. ఆ కోపమే ట్రైగాన్ రూపంలో పైకి లేస్తుంది. అది చూసి ఎపిసోడ్ ఆపేసి కాసేపు అలా కూర్చుండిపోయాను. మా ఇంట్లో నేను ఎప్పుడు గొంతు పెంచినా పెద్దవాళ్ళు అనే మాట ఒకటే, "అచ్చం నాన్న కోపమే వచ్చింది దీనికి". పదేళ్ళ పిల్లకి ఆ మాట ఎంత భయంగా ఉంటుందో అన్నవాళ్ళకి తెలియదు. దాంతో కోప్పడటమే మానేశాను. నవ్వడం కూడా చాలావరకు మానేశాను.

రాత్రిడ్యూటీ

వేపచెట్టు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ మాట కాదనడం లేదు కానీ ఇక్కడే నాకు సిరీస్ మీద ఒక అభ్యంతరం ఉంది. కోపాన్ని తీసుకెళ్ళి తండ్రి ఖాతాలో వేయడం తప్పు సందేశం కాదా? ఆడపిల్ల కోప్పడితే ఆమెలో రాక్షసుడు లేస్తాడన్నట్టు చూపించారు. భావాలన్నీ అణుచుకుని ధ్యానం చేస్తుంటేనే మంచి పిల్ల. మీ ఇంట్లో పెద్దవాళ్ళు అన్న మాటనే సిరీస్ కూడా అన్నట్టు అయింది కదా.

నా వరకు 2016లో వచ్చిన యానిమేషన్ సినిమా ముగింపే నిజాయితీగా ఉంది. అందులో జస్టిస్ లీగ్‌తో టీన్ టైటన్స్ తలపడతారు. చివర్లో రేవెన్ ట్రైగాన్‌ని ఒక స్ఫటికంలో బంధిస్తుంది, అది ఆమె నుదుటి మీదే ఉండిపోతుంది. తండ్రి పోలేదు, బతికినన్నాళ్ళూ నుదుటి మీద మోయాల్సిందే. తెల్లటి వెలుగులో మాయమైపోయే తండ్రి కంటే ఇది నమ్మేలా ఉంది.

నీలికాకి

రాత్రిడ్యూటీ గారూ, ‘నెవర్‌మోర్’ ముగింపు ఇంకోసారి చూడండి. అన్ని రంగుల రేవెన్‌లూ కలిస్తే ఆమె తెల్లగా మారుతుంది. ఓడిపోయిన ఎర్రటిది కూడా చివరికి మళ్ళీ ఆమెలోనే కలుస్తుంది, బయటికి విసిరేయడం ఉండదు. నాలుగో సీజన్ చివర తెల్ల దుస్తులు చూడగానే నాకు ఆ ఎపిసోడే గుర్తొచ్చింది. గోదారిగట్టు గారికి రెండు నిమిషాల వెలుగుగా కనిపించినదానికి పునాది మొదటి సీజన్‌లోనే పడింది.

ఇక అణుచుకోమని ఆమెకి నేర్పింది తండ్రి కాదు, అజరాత్ సన్యాసులు. మంచివాళ్ళే. తండ్రి భయంతో పిల్లని అలా పెంచారు. ఆ సన్యాసుల మీదా, కూతురి రాత ఇంతే అనుకున్న అరెల్లా మీదా నాకు కోపం ఉంది. సిరీస్ ఆ కోపాన్ని చూపించదు, అది లోటే.

గోదారిగట్టు

అరెల్లా మీద కోపం ఎందుకండీ? ఆమె కూడా మోసపోయిందే కదా.

వేపచెట్టు గారికి ఒక మాట. విలన్‌కి కారణం ఉండాలని నేను పట్టుబట్టింది ప్రేక్షకుడిగా. కారణం దొరికితే ఆ తండ్రి మీద కాస్త జాలి పడే వీలు నాకుంటుంది. ఆ జాలి ఆ ఇంట్లో పిల్లకి పనికిరాదని మీరు చెప్పాకే తట్టింది. ముగింపు తేలికైపోయిందన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. రేవెన్ చివర్లో అనే మాటలు బాగుంటాయి. కన్నంత మాత్రాన తండ్రివి కావు, తండ్రులు కాపాడతారు, పెంచుతారు, నన్ను పెంచింది నా స్నేహితులు అన్న అర్థం వచ్చేలా అంటుంది. ఆ మాటలకి ట్రైగాన్ మొహంలో ఒక్క క్షణం ఏదైనా కదిలి ఉంటే ఈ సీజన్‌ని నెత్తిన పెట్టుకునేవాణ్ణి.

వేపచెట్టు

కదలదండీ. ఆ మాటలు ఆయన వినాలని అన్నవి కావు.

ముగింపు తేలికా కాదా అన్నది మీరే తేల్చుకోండి. నాకు మాత్రం వాడు ఓడిపోయే చోటు కంటే, వాడు వచ్చే రోజు పొద్దునే గుర్తుండిపోయింది. ఈరోజే అంతా అయిపోతుందని రేవెన్‌కి తెలుసు. లేచి స్నేహితులందరికీ బ్రేక్‌ఫాస్ట్ చేస్తుంది. వంట చేతకాదు, పాన్‌కేక్‌లు పాడవుతాయి. వాళ్ళకి ఏమీ చెప్పదు, బయటికి తీసుకెళ్ళి రోజంతా వాళ్ళతో గడుపుతుంది. ఎప్పుడూ నవ్వని పిల్ల ఇంత హుషారుగా ఉందేంటని వాళ్ళు ఆశ్చర్యపోతారు.

మా ఇంట్లో గొడవ జరగబోతోందని తెలిసిన రోజున నేను తమ్ముడికి అడక్కుండానే అట్లు పోసిపెట్టేదాన్ని, బియ్యప్పిండితో. పెనానికి అంటుకుని సగం చిరిగిపోయేవి. వాడు ఏమీ అనకుండా తినేవాడు.