అప్‌డేట్: ఎస్.ఆర్. నగర్ విగ్రహం గురించి బాబుకి చెప్పాను

హైదరాబాద్ ఎస్.ఆర్. నగర్ చౌరస్తాలో ఉన్న పోలీసు అధికారి ఉమేశ్ చంద్ర గారి విగ్రహం చూసి మా ఎనిమిదేళ్ల బాబు "ఎవరు నాన్నా?" అన్నాడని, చావు గురించి చిన్నపిల్లాడికి ఎలా చెప్పాలని పోయిన నెల అడిగాను. దాచకుండా, భయపెట్టకుండా చెప్పమని చాలామంది అన్నారు. అలాగే చేశాను.

ఆదివారం పొద్దున్నే, ట్రాఫిక్ లేనప్పుడు తీసుకెళ్లాను. ఆయన కడప, కరీంనగర్ జిల్లాల ఎస్పీగా పనిచేశారని, 1999 సెప్టెంబర్ 4న ఇక్కడే సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు నక్సలైట్లు కాల్చారని చెప్పాను. ఆయన కారు దిగి వాళ్ల వెంటపడ్డారనగానే వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. గన్‌మన్, డ్రైవర్ కూడా చనిపోయారని చెప్పాను.

"మరి వాళ్ల విగ్రహాలేవి?"

నిజంగా నాకు గొంతు పట్టేసింది. ఇన్నేళ్లుగా ఆ దారిలో తిరుగుతున్నా, నాకెప్పుడూ ఆ ఆలోచనే రాలేదు. ఢిల్లీ చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకం ఉందని, అక్కడి గోడ మీద కానిస్టేబుళ్ల నుంచి పెద్ద అధికారుల వరకు వేల పేర్లు చెక్కారని చెప్పాను. 1959లో లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చనిపోయిన పదిమంది పోలీసు జవాన్ల గుర్తుగానే ఏటా అక్టోబర్ 21న పోలీసు సంస్మరణ దినం జరుపుతారని కూడా.

సెప్టెంబర్ 4న మళ్లీ వెళ్తాం. మూడు పూలదండలు కొనాలట, వాడి మాట.