తిండి లెక్కల్లో కార్బన్ ఒక్కటే చాలా? కోడి, గొర్రె బాగోగులు కూడా చూడాలా?

నల్లగొండ అగ్రి
ఏ తిండి పర్యావరణానికి మేలో, ఏది చేటో మార్కులు వేసే పద్ధతులు ఇప్పుడు చాలా వచ్చాయి. కిలో మాంసానికి ఎంత కార్బన్, ఎన్ని నీళ్లు, ఎంత భూమి అని చూస్తారు. అలా చూస్తే షెడ్డు కోడికి మంచి మార్కులే వస్తాయి. 40 రోజుల్లో రెండు కిలోలు దాటుతుంది, కిలో పెరగడానికి కిలోన్నర పైచిలుకు దాణా చాలు. నాటుకోడి ఆ బరువుకు రావాలంటే నెలలు పడుతుంది. కానీ చివరి వారంలో ఆ షెడ్డు కోడి ఒళ్లు మోయలేక నాలుగడుగులకే కూలబడుతుంది. ఆ సంగతి రాయడానికి ఆ మార్కులు వేసే కాగితంలో, అంటే ఫారంలో, గడే ఉండదు.

ఉండాలని నా వాదన. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తిండి, సాగు ఎంత సుస్థిరమో కొలిచే 'సాఫా' మార్గదర్శకాల్లో గాలి, నీరు, నేలతో పాటు జంతు సంక్షేమాన్నీ చేర్చింది. 2022 మార్చిలో నైరోబీలో జరిగిన ఐరాస పర్యావరణ సభ జంతు సంక్షేమం మీద తీర్మానమే చేసింది. అయినా చాలా లెక్కలు కార్బన్ దగ్గరే ఆగిపోతున్నాయి. మీరేమంటారు?

జడ్చర్ల షెడ్డు
అన్నా, గడి పెట్టడం తేలికే. దాన్ని నింపే ఖర్చు ఎవరిది? మేం కంపెనీ కోసం కోళ్లు పెంచేవాళ్లం. కోడిపిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, మందులూ వాళ్లవే. షెడ్డు, కరెంటు, కూలి మాత్రం మావి. మాకొచ్చేది కిలోకు ఇంత అని గ్రోయింగ్ చార్జీ. కోడికి ఒక చదరపు అడుగు ఇస్తున్నాం. ఒకటిన్నర ఇవ్వమంటే అదే షెడ్డులో మూడో వంతు పిల్లలు తగ్గుతాయి, బ్యాంకు కిస్తీ మాత్రం తగ్గదు.

మేం పట్టించుకోమనుకోకండి. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోతే షెడ్డు చుట్టూ గోనె పట్టాలు తడుపుతూ ఉరుకుతాం. కోళ్లు నోళ్లు తెరిచి రెక్కలు దూరం పెట్టి రొప్పుతుంటే మాకు అన్నం సయించదు. చచ్చిన కోళ్ల లెక్క కూడా చివరికి మా చార్జీలోనే కోత పడుతుంది.

టీచరమ్మ, మిర్యాలగూడ
గుడ్ల సంగతి కూడా చూడండి. మా బడిలో చాలామంది పిల్లలకు గట్టి పోషణ అంటే మధ్యాహ్నం గుడ్డే. ఐరోపాలో 2012 నుంచి ఇరుకు పంజరాలు నిషేధం, అది మంచి పనే. ఇక్కడ అదే చేసి ధర పెరిగితే ముందు కోత పడేది పిల్లల పళ్లెంలోనే.

దేవరకొండ గొల్లబిడ్డ
కోళ్ల సంగతి సరే, గొర్రెల గురించి ఎవరూ అడగరేం? 2017లో తెలంగాణ సర్కారు మొదలుపెట్టిన గొర్రెల పంపిణీ గుర్తుంది కదా. 20 గొర్రెలు, ఒక పొట్టేలు, యూనిట్ లక్షా ఇరవై ఐదు వేలు, 75 శాతం సబ్సిడీ. జీవాలను పక్క రాష్ట్రాల నుంచి తెచ్చారు. మా ఊరికి లారీ వచ్చినప్పుడు డాలా దించితే ముందున్నవి కాళ్లు చచ్చుబడి దిగలేకపోయాయి. ఒకదాని మీద ఒకటి పడి, అడుగున ఉన్నది ఊపిరాడక ముక్కు పైకెత్తి చూస్తోంది. మా నాన్న దాన్ని చేతుల మీద దించి, నోట్లో నీళ్లు పోసి నీడకు తీసుకెళ్లాడు. ఆ ప్రయాణానికి ఏ లెక్కలోనైనా మార్కులు పోయాయా?

ఇంకో భయం కూడా ఉంది. పట్నంలో కూర్చుని ఫారం తయారుచేస్తే "షెడ్డు ఉందా, నేల సిమెంటుదా" అని అడుగుతారు. మాకు షెడ్డు లేదు. ఎండాకాలం మేత కోసం కృష్ణ ఒడ్డుకు నడిపించుకు పోతాం. రాత్రి ఎవరి చేలోనైనా మంద పెడతాం, ఆ రైతుకు ఎరువు, మాకు గింజలో డబ్బులో. జీవం తిరిగి మేస్తోంది, మందతో ఉంటోంది. ఆ ఫారంలో మాత్రం మాకు సున్నా వస్తుంది.

నల్లగొండ అగ్రి
గొల్లబిడ్డ చెప్పింది అసలైన మాట. కట్టడాన్ని కాదు, జీవాన్ని చూడాలి: కుంటుతోందా, ఎంత శాతం చచ్చాయి, లారీలో ఎన్ని గంటలు నీళ్లు లేకుండా ఉంది. ఇవి లెక్కపెట్టడం కష్టమేం కాదు, చచ్చిన కోళ్లను రైతు రోజూ రిజిస్టర్లో రాస్తూనే ఉంటాడు.

ఇంకో సంగతి, దీన్ని కార్బన్ మార్కులతో కలిపి సగటు తీయకూడదు. సగటు తీస్తే కార్బన్‌లో వచ్చిన మార్కులు కోడి బాధను కప్పేస్తాయి. దీనికి విడిగా కనీస హద్దు ఉండాలి, దాని కిందికి పోతే సుస్థిరమైనదన్న ముద్ర వేయకూడదు. పైగా ఇది జాలి ఒక్కటే కాదు. ఇరుకులో రోగం తొందరగా పాకుతుంది, అప్పుడు యాంటీబయాటిక్స్ వాడకం పెరుగుతుంది. మనుషులకు ఆఖరి మందుగా దాచుకునే కొలిస్టిన్‌ను తిండికి పెంచే జంతువులకు వాడొద్దని కేంద్రం 2019లో నిషేధించాల్సి వచ్చింది.

టీచరమ్మా, బడి గుడ్డు ధర ప్రభుత్వం భరించాలి, అందులో నాకు రెండో మాట లేదు. జడ్చర్ల అన్నా, కోడి కంపెనీది కాబట్టి జాగా ఖర్చూ కంపెనీదే.

జడ్చర్ల షెడ్డు
ఆ చివరి మాటను అగ్రిమెంట్ కాగితం మీద రాయించండి. ఇప్పుడు సంతకం పెట్టించుకునే కాగితంలో కోడికి ఎంత జాగా అని ఉండదు, కిలోకు ఎంత దాణా తిన్నదన్నదే ఉంటుంది. జాగాను బట్టి చార్జీ పెంచుతామంటే వచ్చే బ్యాచ్ నుంచే నేను పిల్లలు తగ్గించి వేసుకుంటాను.