మినీ ఐటీఎక్స్ కేసులో 24 పిన్ కేబుల్ కూలర్ ఫ్యాన్‌కు తగులుతోంది

10 లీటర్ల శాండ్‌విచ్ కేసులో (బోర్డు ఒకవైపు, గ్రాఫిక్స్ కార్డు దాని వెనక ఉండే చిన్న పెట్టె) పీసీ కడుతున్నాను. మినీ ఐటీఎక్స్ (చిన్న సైజు) బోర్డు, రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఎస్ఎఫ్ఎక్స్ (చిన్న సైజు) పవర్ సప్లై, రెండు స్లాట్ల గ్రాఫిక్స్ కార్డు (రైజర్ మీద, అంటే కార్డును బోర్డుకు కలిపే కేబుల్ మీద). కేసులో కూలర్‌కు 47 మిల్లీమీటర్ల ఎత్తే ఉంది, నా కూలర్ కూడా సరిగ్గా 47. కాగితం మీద అంతా బాగానే పట్టింది!

సమస్య 24 పిన్ కేబుల్, అంటే పవర్ సప్లై నుంచి బోర్డుకు కరెంటు ఇచ్చేది. పొడవు 30 సెంటీమీటర్లు. కావలసింది అందులో సగమే. మిగతాది మడిచి పవర్ సప్లైకి, కూలర్‌కి మధ్య కుక్కాను. మూత తీసి ఉంచితే ఏ గొడవా లేదు. మూత బిగించగానే ఆ మడత పైకి లేచి ఫ్యాన్ రెక్కకు తగిలి టకటకమంటోంది. సినీబెంచ్ (ప్రాసెసర్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) 10 నిమిషాలు నడిపితే ప్రాసెసర్ వేడి మూత లేకుండా 76 డిగ్రీలు, మూతతో 95.

జిప్ టైలతో బిగించి చూశాను, రెండు రోజుల్లో మళ్లీ జారింది. కేబుల్‌ను బోర్డు వెనక నుంచి తిప్పుదామంటే రైజర్ అడ్డం. ప్రాసెసర్ కరెంటు వాడకం తగ్గించే ఎకో మోడ్ ముందే ఆన్‌లో ఉంది. పాత పవర్ సప్లై కేబుల్ పొట్టిదే, కానీ సప్లై వైపు పిన్‌ల వరస కంపెనీకో రకంగా ఉంటుంది కదా, బోర్డు కాలిపోతుందేమోనని పెట్టలేదు. కూలర్ మార్చే బడ్జెట్ ఇప్పుడు లేదు.

పొట్టి కేబుల్ చేయించే ముందు ఒక్కటి అడుగుతున్నాను: ఇలాంటి శాండ్‌విచ్ కేసు కట్టినవాళ్లు మిగిలిన 24 పిన్ కేబుల్‌ను ఎక్కడ దాచారు?