వాడేసిన చీర రిటర్న్ వస్తే నష్టం అమ్మినవాళ్ళదేనా? (బెంగళూరు)

మామూల్‌పేట మూట:
చిక్‌పేటలో హోల్‌సేల్‌గా తీసుకుని ఆన్‌లైన్‌లో 799కి అమ్మే కాటన్ చీరల సంగతి ఇది. కస్టమర్ "నచ్చలేదు" అని నొక్కినా, "డిఫెక్టివ్" అని నొక్కినా రివర్స్ షిప్పింగ్ (వెనక్కి తెచ్చే ఖర్చు) మన సెటిల్‌మెంట్‌లోంచే, అంటే సైటు మనకిచ్చే డబ్బులోంచే కట్ అవుతోంది. వెనక్కి వచ్చేదేమో కట్టి విప్పిన చీర, లేదంటే బ్లౌజ్ పీస్ కత్తిరించేసుకున్న చీర. నష్టం ఇమ్మని సైటుకి క్లెయిమ్ పెడితే "ఆధారం సరిపోలేదు" అని ఒక్క లైనుతో మూసేస్తున్నారు. ఏ సైటో అడగొద్దు. రెండే ప్రశ్నలు: ఏ రిటర్న్ అయినా తీసుకోవాల్సిందేనని చట్టంలో ఉందా? ఎలాంటి వీడియో పెడితే క్లెయిమ్ నిలబడుతుంది?

రూల్ బుక్కు:
చట్టం అంత దూరం వెళ్ళలేదండీ. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల్లో 6(3) చదవండి. సరుకులో లోపం ఉన్నా, నకిలీదైనా, లిస్టింగ్‌లో రాసినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటాక చేరినా వెనక్కి తీసుకోనని అమ్మినవాళ్ళు అనకూడదు. "రంగు నచ్చలేదు" అన్నది ఆ జాబితాలో లేదు. అది ప్లాట్‌ఫాం పెట్టుకున్న పాలసీ, రిజిస్ట్రేషన్ రోజున మీరు టిక్ పెట్టిన ఒప్పందంలో ఉంటుంది. ఆ ఒప్పందం కాపీ డౌన్‌లోడ్ చేసి దాచుకోండి, పాలసీ మారినప్పుడల్లా కొత్తది కూడా. గడువు దాటిందన్న రిటర్న్‌లకైతే పికప్ మానిఫెస్ట్ (కొరియర్ తీసుకెళ్ళిన ప్యాకెట్ల జాబితా) పనికొస్తుంది. మీ చేతిలోంచి సరుకు ఏ రోజు కదిలిందో అందులో ఉంటుంది.

అసలు చిక్కు "డిఫెక్టివ్" దగ్గర. అది కస్టమర్ ఫోన్లో ఒక బటన్. నొక్కడానికి ఒక ఫొటో చాలు, కాదని చూపించే పని మాత్రం మొత్తం మీ నెత్తిన పడుతుంది. రివర్స్ షిప్పింగ్ కన్నా నాకు ఇదే అన్యాయంగా కనిపిస్తుంది.

ప్యాకింగ్ టేబుల్:
అన్నా, క్లెయిమ్ నిలబడాలంటే రిటర్న్ విప్పే వీడియో ఒక్కటే చాలదు. పంపేటప్పటి వీడియో కూడా కావాలి. ఈ రెండిట్లో ఒకే నంబరు, ఒకే బరువు, ఒకే పొడవు పోల్చి చూపించగలగాలి.

ఫోన్ చేత్తో పట్టుకోకుండా టేబుల్ పైన స్టాండుకి బిగించండి. వీడియో ఎక్కడా ఆగకూడదు. ముందు మూసి ఉన్న ప్యాకెట్ ఆరు వైపులా తిప్పి చూపించి, ఏడబ్ల్యూబీ నంబరు (లేబుల్ మీదుండే కొరియర్ ట్రాకింగ్ నంబరు) మీద 5 సెకన్లు నిలపండి. చాలా వీడియోలు ఇక్కడే పోతాయి. ట్యూబ్‌లైట్ కింద ప్లాస్టిక్ కవర్ తళతళలాడి నంబరు కనబడదు, కాబట్టి ప్యాకెట్‌ని కాస్త వాల్చి పట్టుకోండి. తర్వాత కాటా మీద పెట్టండి. పంపినప్పుడు 540 గ్రాములున్నది 380 చూపిస్తే చీర మారిందని అర్థం, విప్పకముందే సగం పని అయిపోతుంది. లేబుల్ లేని వైపు నుంచే కోయాలి. లేబుల్‌ని రెండు ముక్కలు చేశాక ఏం చూపించినా లాభం లేదు.

విప్పాక టేపుతో కొలవండి. బ్లౌజ్‌తో కలిపి 6.3 మీటర్లు ఉండాల్సింది 5.5 వస్తే 80 సెంటీమీటర్ల బ్లౌజ్ పీస్ వాళ్ళింట్లోనే ఉండిపోయింది. ఇక కట్టిన ఆనవాళ్ళు. గంజి మడత ఒకసారి విప్పితే ఇస్త్రీ లేకుండా మళ్ళీ కుదరదు, ఇస్త్రీ చేస్తే మడత వేరే చోట పడుతుంది. ఫాల్ కుట్టి విప్పేస్తే కింది అంచు వెంబడి సూది బెజ్జాలు వరుసగా ఉంటాయి. చీరని లైటుకి అడ్డంగా పట్టుకుంటే తెలుస్తాయి. భుజం దగ్గర పిన్ను గుచ్చిన చోట దారాలు పక్కకి జరిగి ఉంటాయి. ఈ మూడిటినీ దగ్గరగా చూపించి, పక్కన అదే రకం కొత్త చీర పెట్టండి. క్లెయిమ్ చూసే మనిషికి చీర సంగతి తెలుస్తుందని అనుకోవద్దు.

ఫైలుని వాట్సాప్‌లో తిప్పితే బొమ్మ అలుక్కుపోతుంది, తీసిన సమయం చెరిగిపోతుంది. ఫోన్లోంచి నేరుగా ఎక్కించండి, ఒరిజినల్ వేరే దాచండి.

ఇంకోటి. రిటర్న్ బాయ్ ఇరవై ప్యాకెట్ల సంచీ గుమ్మంలో పడేసి ఓటీపీ అడుగుతాడు. ఎంత తొందరపెట్టినా ప్రతి ఏడబ్ల్యూబీ స్కాన్ చేసి, లెక్క సరిపోయాకే చెప్పండి. చిరిగిన ప్యాకెట్‌ని అప్పుడే ఫొటో తీసి, "విప్పి ఉంది" అని రాయించండి. ఓటీపీ ఇచ్చాక తగ్గిందంటే వినేవాడు ఉండడు.

లెక్కల చిట్టా:
ధర పెట్టేటప్పుడే రిటర్న్‌లని కలుపుకోవాలి. ఊరికే ఒక లెక్క: కొన్న ధర 350, అన్నీ పోను చీరకి మిగిలేది 120, ఒక రిటర్న్‌కి షిప్పింగ్, కవరు, ఇస్త్రీ కలిపి ఖర్చు 175. పది ఆర్డర్లలో మూడు వెనక్కొస్తే 840లో 525 పోయి 315 మిగులుతుంది. నాలుగొస్తే 20 రూపాయలు. ఇది వచ్చిన చీరలన్నీ మళ్ళీ అమ్ముడైతేనే. సగం పాడై వస్తే సగటున ఒక్కో రిటర్న్ 350 తింటుంది, మూడో రిటర్న్‌కే 210 చేతి నుంచి పడుతుంది.

పన్నులో జనం మరిచిపోయేది: రిటర్న్ వచ్చిన నెల జీఎస్‌టీఆర్-1లో (అమ్మకాల వివరాలు చూపే జీఎస్‌టీ ఫారం) అమ్మకం తగ్గించి చూపాలి. 799లో 38.05 జీఎస్‌టీ, తగ్గించకపోతే అది మీ జేబులోంచే పోతుంది. జీఎస్‌టీ చట్టం సెక్షన్ 34 కింద అలా తగ్గించడానికి, అమ్మిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 వరకే గడువు. ప్లాట్‌ఫాం పట్టే అర శాతం టీసీఎస్ (మన అమ్మకం డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను) రిటర్న్‌లు పోను మిగిలిన అమ్మకం మీదే ఉండాలి, వాళ్ళ స్టేట్‌మెంట్‌తో సరిచూసుకోండి. పాడైన చీరని లెక్కల్లోంచి కొట్టేస్తే అదే చట్టం 17(5)(హెచ్) ప్రకారం దాని ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీకి దొరికే మినహాయింపు) కూడా తిప్పి కట్టాలి. 350 మీద 5 శాతం, అంటే 17.50. చీర పోయింది, దాని మీద పన్ను మినహాయింపూ పోయింది!

మామూల్‌పేట మూట:
చాలా థాంక్సండీ అందరికీ. "ట్యాగ్ తీస్తే రిటర్న్ లేదు" అని కార్డు పెడితే పనిచేస్తుందా?

ప్యాకింగ్ టేబుల్:
కార్డు ఒక్కటే అయితే పనిచేయదు. పాలసీలో లేని షరతు మీరు రాసినంత మాత్రాన ప్లాట్‌ఫాం ఒప్పుకోదు. కానీ నంబరున్న ట్యాగ్ వీడియోలో మంచి సాక్ష్యం. లోపలి చెంగుకి వేస్తే నడుంలో దోపేసుకుని పెళ్ళికి వెళ్ళొస్తారు, ట్యాగ్ చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది. కొంగు అంచుకి, బయటికి కనబడే వైపు, సన్నటి దారంతో కట్టండి. గన్‌తో కొట్టే ప్లాస్టిక్ పిన్ను మాత్రం వద్దు. పల్చటి కాటన్‌లో అది చేసే బెజ్జం నిజంగానే డిఫెక్టు.