మెడ్-పీడ్స్ రెసిడెన్సీ తీసుకోవచ్చా?

ప్రశ్న: అమెరికాలో మ్యాచ్‌కి (డాక్టర్లకి రెసిడెన్సీ శిక్షణ సీట్లు కేటాయించే విధానం) సిద్ధమవుతున్నాను. ఇంటర్నల్ మెడిసిన్, పీడియాట్రిక్స్ రెండూ ఇష్టమే. రెండూ కలిపి నేర్పే మెడ్-పీడ్స్‌కి అప్లై చేయడం మంచిదేనా? ఫ్యామిలీ మెడిసిన్‌తో తేడా ఏమిటి?

జవాబు 1: మొత్తం 4 ఏళ్లు, ఒక్కో విభాగంలో 24 నెలలు. చివర్లో రెండు విభాగాల బోర్డు (స్పెషలిస్టు సర్టిఫికెట్) పరీక్షలకూ అర్హత వస్తుంది. ఫ్యామిలీ మెడిసిన్ 3 ఏళ్లే, అందులో ప్రసూతి కూడా ఉంటుంది, మెడ్-పీడ్స్‌లో ఉండదు. కానుపులు చేయాలనుంటే ఇటు రావద్దండి. ఐసీయూ, ఎన్ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ), వార్డు పని ఎక్కువ కావాలంటే ఇదే సరైన దారి.

జవాబు 2: అసలు కష్టం విభాగం మారిన మొదటి వారంలో. నిన్నటిదాకా పెద్దవాళ్లకి 650 మి.గ్రా. ఎసిటమినోఫెన్ (పారాసిటమాల్) రాసిన చేయి, ఇవాళ 12 కిలోల పాపకి కిలోకి 15 మి.గ్రా. చొప్పున 180 రాయాలి. మెయింటెనెన్స్ ఫ్లూయిడ్ (ఒంటి మామూలు అవసరానికి నరం ద్వారా ఎక్కించే ద్రవం) కూడా అంతే: మొదటి 10 కిలోలకి 40, మిగతా 2 కిలోలకి 4, వెరసి గంటకి 44 మి.లీ. మారే ముందురోజే ఈ లెక్కలు తిరగేయండి. బరువు పౌండ్లలో ఎక్కించేస్తే డోసు రెట్టింపు దాటిపోతుంది, జాగ్రత్త!

జవాబు 3: మెడ్-పీడ్స్‌కి పర్సనల్ స్టేట్‌మెంట్ (మీ గురించి రాసే వ్యాసం) వేరుగా రాయండి. సిఫార్సు లేఖలు రెండు విభాగాల నుంచీ ఉండాలి. సీట్లు తక్కువ కాబట్టి ర్యాంక్ లిస్టులో (మ్యాచ్‌కి మీరిచ్చే ప్రాధాన్య క్రమం) కింద ఇంటర్నల్ మెడిసిన్, పీడియాట్రిక్స్ విడి ప్రోగ్రాములూ పెట్టండి. పుట్టుకతో గుండెజబ్బు, సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకునే జన్యు వ్యాధి) ఉన్న పిల్లలు పెద్దయ్యాక చూసే డాక్టర్లు చాలరు. ఈ శిక్షణకి అసలైన విలువ అక్కడే.