అమ్మమ్మ తాతయ్యలతో తిరిగిన నల్లమల జ్ఞాపకాలు ఎలా పోగుచేయాలి? అమ్మమ్మని మళ్ళీ ఎక్కడికి తీసుకెళ్ళొచ్చు?

గుంటూరమ్మాయి:

అందరికీ నమస్తే. మా తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. అమ్మమ్మకి ఎనభై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, అయినా జ్ఞాపకశక్తి మాత్రం బాగుంది. మొన్న మా కజిన్స్ గ్రూపులో ఒక పాత ఫొటో వచ్చింది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అందరం శ్రీశైలం వెళ్ళి సత్రంలో దిగి, అక్కణ్ణుంచి జీపులో ఇష్టకామేశ్వరి గుడికి అడవిలోకి వెళ్ళినప్పటిది. ఇక చూడండి, అన్నయ్య ఎలుగుబంటిని చూశామంటాడు, చెల్లి కాదు అది అడవిపంది అంటుంది, నాకు దుప్పులు తప్ప ఏమీ గుర్తులేవు.

ఒక్క సంగతి మాత్రం అందరికీ ఒకేలా గుర్తుంది. దారిలో ఒక మలుపు దగ్గర చెట్ల మీద కొండముచ్చులు గట్టిగా అరిచాయి, ఆ వెంటనే కింద ఎక్కడో దుప్పి కూత. తాతయ్య డ్రైవరు భుజం మీద చెయ్యేసి ఆపమన్నారు. ఇంజను ఆగాక ఎంత నిశ్శబ్దమంటే, అమ్మమ్మ ఒళ్ళో ఉన్న టిఫిన్ క్యారియర్ మూత కదిలిన చప్పుడు కూడా వినబడింది. కొండముచ్చుకి పైనుంచి దూరం కనబడుతుంది, దుప్పికి కింద వాసన తెలుస్తుంది, రెండూ కలిసి అరిచాయంటే ఏదో పెద్ద జంతువే కదిలిందని తాతయ్య గుసగుసగా చెప్పారు. పులి కనబడలేదు. కొంచెం ముందుకెళ్ళాక ఎండిన వాగు ఇసకలో పంజా గుర్తు ఉందని మాతో వచ్చిన చెంచు ఆయన దిగి చూపించాడు. తాతయ్య దాని పక్కన తన కళ్ళజోడు పెట్టె పెట్టి, సైజు తెలియాలని ఫొటో తీయించారు. గ్రూపులో వచ్చింది ఆ ఫొటోనే.

ఇవన్నీ అమ్మమ్మ ఉండగానే రాసిపెట్టాలని నా ఆరాటం. మీలో ఎవరైనా ఇలా పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని జ్ఞాపకాలు పోగుచేశారా? ఎలా అడిగారు? ఇంకోటి, ఆవిడని ఒక్కసారైనా మళ్ళీ అలాంటి చోటికి తీసుకెళ్ళాలని ఉంది. ఆ మోకాళ్ళతో ఎక్కడికైతే వీలవుతుంది?

దోర్నాల కుర్రాడు:

అక్కా, చదువుతుంటే మా తాత గుర్తొచ్చాడు. ఆయన ఫారెస్టులో వాచరు. ఎండాకాలం వస్తే ఇంట్లో ఉండేవాడే కాదు, రాలిన ఆకు ఊడ్చి ఫైర్‌లైన్లు (మంట దాటకుండా ఖాళీ దారులు) వేయడం, ఎక్కడ పొగ కనబడితే అక్కడికి పచ్చి కొమ్మలు పట్టుకుని పరుగెత్తడం. నల్లమలలో ఇప్పుడు కూడా ఫారెస్టువాళ్ళ బేస్ క్యాంపుల్లో (అడవిలోని కాపలా శిబిరాల్లో) కాపలా ఉండేది ఎక్కువగా చెంచులే. మీకు పంజా గుర్తు చూపించినాయన లాంటివాళ్ళు లేకపోతే ఆ అడవిని కాపాడటం ఎవరి తరమూ కాదు, ఈ మాట గట్టిగా చెప్పాలనిపించింది.

ఇష్టకామేశ్వరి మాత్రం వద్దక్కా. ఆ దారిలో రాళ్ళ మీద జీపు ఎగిరెగిరి పడుతుంది, వయసులో ఉన్నవాళ్ళకే నడుము పట్టేస్తుంది. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే రోడ్డులో తుమ్మలబైలు దగ్గర ఫారెస్టువాళ్ళ సఫారీ ఉంది, కానీ అదీ మట్టిదారే. వెళ్ళినా జూలై నుంచి సెప్టెంబరు దాకా మూసేస్తారు, అది చూసుకోండి. ఈ రోజుల్లో సఫారీలో బండి దిగనివ్వరు, అది మంచిదే.

పులి కోసమైతే అసలు ఆశ పెట్టుకోవద్దు. నాగార్జునసాగర్–శ్రీశైలం విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వ్. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ రిజర్వ్ అయింది, అయినా ఇంకా ఇదే అన్నిటికన్నా పెద్దది. కొండలు, లోయలు, గుబురు అడవి. మహారాష్ట్రలోని తడోబా పులుల అడవిలో కనబడినట్టు ఇక్కడ పులి కనబడదు. మీ తాతయ్యగారిలా కూతలు విని, గుర్తులు చూసి సంతోషపడేవాళ్ళకే నల్లమల.

పులికాట్ పక్కోణ్ణి:

మాది సూళ్ళూరుపేట వైపు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మా వైపు చాలా నయం. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది, చలికాలంలో నీళ్ళుంటే కారు దిగకుండానే రెండు పక్కలా ఫ్లెమింగోలు కనబడతాయి. దగ్గర్లోనే నేలపట్టు పక్షుల కేంద్రం. చెరువు నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు పెడతాయి.

మా అవ్వని పోయిన చలికాలం అక్కడికి తీసుకెళ్ళాను. చెరువు కట్ట మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి బైనాక్యులర్ చేతికిచ్చాను. గూడబాతు పిల్ల, తల్లి నోటి సంచిలోకి తల మొత్తం దూర్చేసి చేప లాక్కుంటుంది. అవ్వ అది చూసి “ఎంత ఆకలో పాపం, వాళ్ళమ్మని ఊపిరి తీసుకోనివ్వడంలా” అని ఇంక బైనాక్యులర్ ఎవరికీ ఇవ్వలేదు. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి మంచి బలమని చిన్నప్పటినుంచీ ఆమె చెప్పే మాటే. ఆ చుట్టుపక్కల రైతులందరిదీ అదే నమ్మకం, అందుకే ఆ పక్షుల జోలికి ఎవరూ పోరు.

ఒక్క మాట, ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని మనవాళ్ళు పిల్లలకి చెబుతుంటారు. గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులు (ఒక రకం కొంగలు) మన దేశపు పక్షులే. వానల తర్వాత నీళ్ళు, చేపలు బాగా ఉన్న చోటు చూసుకుని గుడ్లు పెట్టడానికి చేరతాయి. జ్ఞాపకాలు రాసేటప్పుడు ఇలాంటివి సరిచూసుకుని రాస్తే రేపు మీ పిల్లలకి పనికొస్తుంది.

తెనాలి టీచర్:

జ్ఞాపకాల సంగతి నేను చెబుతానమ్మా. మా నాన్నమ్మ దగ్గర నేనిలాగే కూర్చున్నాను. “ఆ ట్రిప్పు గురించి చెప్పు” అంటే “ఏముంది, వెళ్ళాం, వచ్చాం” అని తేల్చేసింది. అలా కాదు, ఫొటో చేతికిచ్చి అందులో వస్తువు గురించి అడగాలి. ఆ క్యారియర్ ఎవరిది, అందులో ఏం పెట్టావు, ఆ చీర ఎక్కడ కొన్నావు. వస్తువు దగ్గర మొదలైతే మనుషులు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. పదిమంది చుట్టూ చేరి అడగొద్దు, అందరిలో గట్టిగా మాట్లాడేవాళ్ళ జ్ఞాపకమే చివరికి అందరిదీ అయిపోతుంది. భోజనం అయ్యాక, మధ్యాహ్నం, మీరొక్కరే. ఫోన్ రికార్డర్ ఆన్ చేసిన సంగతి ముందే చెప్పండి, ఆవిడకి తెలియకుండా చేయొద్దు. మీ అన్నయ్య ఎలుగుబంటి, చెల్లి అడవిపంది రెండూ రాయండి, తీర్పు చెప్పొద్దు.

ప్రయాణానికి అంత దూరం ఎందుకు, గుంటూరు పక్కనే ఉప్పలపాడు ఉందిగా! ఊరి చెరువులోనే గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులు, నత్తగుల్ల కొంగలు. చెట్లు చాలవని చెరువులో ఇనప స్టాండ్లు కూడా పెట్టారు, వాటి మీదా గూళ్ళే. కొల్లేరు దగ్గర ఆటపాక కూడా బాగుంటుంది, బోటులో పక్షుల మధ్యకి తీసుకెళతారు, కాకపోతే ఎక్కి దిగడం మీ అమ్మమ్మగారికి కష్టమేమో.

గుంటూరమ్మాయి:

అందరికీ చాలా థ్యాంక్స్. టీచర్‌గారూ, మీరు చెప్పినట్టే ఆదివారం అన్నం తిన్నాక ఫొటో ఇచ్చి క్యారియర్ గురించి అడిగాను. ఆ క్యారియర్ వాళ్ళ నాన్నదట! మా ముత్తాత నల్లమలలో వెదురు కూపుల (వెదురు నరికే చోట్ల) దగ్గర లెక్కలు రాసేవాడని, అమ్మమ్మ పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఆయనతోపాటు అడవిలో గుడిసెలో కొన్నాళ్ళు ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు. కొండముచ్చు, దుప్పి కూతల సంగతి కూడా తాతయ్యకి ఆవిడే చెప్పిందట. ఆ ప్రయాణం తాతయ్య సరదా అనుకున్నాం ఇన్నాళ్ళూ. “నేను అడిగితేనే తీసుకెళ్ళారు, మా నాన్న తిరిగిన చోటు మీకు చూపించాలని” అంది. విని నాకు ఏడుపు ఆగలేదు. రికార్డింగు గ్రూపులో పెడితే అన్నయ్య ఫోన్ చేసి, ఈసారి తనే వచ్చి అడుగుతానన్నాడు.

దీపావళి అయ్యాక ముందు ఉప్పలపాడు తీసుకెళతాం. అది బాగా జరిగితే, డాక్టరు సరే అంటే, సంక్రాంతికి పులికాట్. ఉప్పలపాడు బాగా తెలిసినవాళ్ళుంటే చెప్పండి, ఎండ కళ్ళలో పడకుండా పక్షులు కనబడాలంటే పొద్దున్న మంచిదా, సాయంత్రమా? కారు చెరువుకి ఎంత దగ్గర దాకా వెళుతుంది?